ప్రభుత్వ వకీలునకు పార్టీ కండువా తగదు

2024 వ సంవత్సరము ఏప్రిల్ మాసమున మన పొరుగు జిల్లా యగు సిద్దిపేటలో 106 మంది ఉద్యోగులు ఒక్కసారిగా సస్పెండు చేయబడిరి. వారు లంచము పుచ్చుకొన్నవారు కారు. కచేరీ సొమ్ము తిన్నవారును కారు. గ్రామీణ దారిద్ర్య నిర్మూలన సంస్థలోను, ఉపాధి హామీ పథకములోను పనిచేయు చిరుద్యోగులు. మెదకు లోక్‌సభ స్థానమునకు భారత రాష్ట్ర సమితి పక్షమున పోటీచేయుచున్న అభ్యర్థితో జరిగిన సమావేశమునకు హాజరైరి. అదియే వారిపై మోపబడిన నేరము. ఎన్నికల నియమావళి అమలులో నున్నందున ఉత్తరువు వెలువడుటకు జాగు కాలేదు.

ఉత్తరువును మేము తప్పుపట్టము. ప్రజల పన్నుతో జీతము గైకొనువాడు ఒక పార్టీ గుంపులో కూర్చుండరాదు. అయితే ఆ అభ్యర్థి ఎవరు? సంగారెడ్డి శాసనసభా స్థానము మెదకు లోక్‌సభ స్థానములోనిదే గనుక ఆ మే నెలలో మన కొండాపూరు ఓటరులును ఆయన పేరును మీటల యంత్రముపై చూచియే యున్నారు. ఆయన పి. వెంకట్రామిరెడ్డిగారు, అదే సిద్దిపేట జిల్లాకు నిన్నమొన్నటి కలెక్టరు. 2021 జూన్ మాసమున నూతన కలెక్టరు కార్యాలయ ప్రారంభోత్సవ వేళ, అందరును చూచుచుండగా, నాటి ముఖ్యమంత్రి పాదములకు మ్రొక్కినవారు. అదే సంవత్సరము నవంబరు 15 న స్వచ్ఛంద పదవీ విరమణ కోరిరి; ఆ దినముననే అనుమతి లభించినది; మరునాడు శాసనమండలి సభ్యత్వమునకు నామినేషను దాఖలు చేసిరి; పోటీ లేకయే ఎన్నికైరి.

ఇందులో శాసనవిరుద్ధమైనది ఒక్కటియు లేదు. అదియే మా ఫిర్యాదు. సోమవారమునాడు జిల్లా మేజిస్ట్రేటు, మంగళవారమునాడు పార్టీ అభ్యర్థి! ఈ రెంటి నడుమ ఒక్క రాత్రియే యడ్డము. ఆయన హయాములో ఆ జిల్లా ఉద్యోగులకు ఆయన సంతకమే శాసనము. అట్టి మనుష్యుడు పార్టీ అభ్యర్థియై ఎదుట కూర్చుండగా, చిరుద్యోగి కాదని లేచిపోగలడా? శాసనము సమావేశమునకు వెళ్ళినవానిని పట్టుకొన్నది. కుర్చీలోనుండి వేదికమీదికి ఒక్క గంతులో దూకినవానికి దారి యిచ్చినది. చేపపిల్లలు చిక్కు వలలో తిమింగలము చిక్కదని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఒక వింత గమనింపుడు. అఖిల భారత సర్వీసు అధికారి పదవి విడిచిన ఏడాదిలోపల ఏ వ్యాపార సంస్థలోనైన కొలువు చేరదలచినచో ప్రభుత్వపు ముందస్తు అనుమతి పొందవలయును. ఈ గడువు పూర్వము రెండేండ్లుండెడిది. తరువాత ఏడాదికి తగ్గించిరి. కారణము స్పష్టమే. పటాన్‌చెరులోని కర్మాగారమునకు నేడు అనుమతి పత్రముపై సంతకము చేసి, రేపు అదే కర్మాగారములో జీతగాడుగా కుదిరినచో, నిన్నటి సంతకము ఎవరి కొరకు చేసెనను సందేహము జనులకు కలుగును. మంచిదే. మరి పార్టీ టిక్కెట్టు సంగతి యేమి? కర్మాగారపు కొలువు కంటె శాసనసభ్యత్వము చిన్న బహుమానమా? నేటి సంతకమునకు రేపటి టిక్కెట్టు మూల్యము కాజాలదా? వ్యాపారి యొద్దకు పోవుటకు ఏడాది యాగవలెనట. పార్టీ యొద్దకు పోవుటకు పూట యైనను ఆగనక్కరలేదట! ఈ విరామకాలపు ప్రశ్న 2022 లో సుప్రీంకోర్టు గడప త్రొక్కినది. అది శాసనకర్తలు తేల్చవలసిన సంగతి యని న్యాయస్థానము అర్జీని త్రోసిపుచ్చినది. టిక్కెట్టు లిచ్చువారే ఈ శాసనమును చేయవలసినవారు గనుక, అది నేటికిని పుట్టలేదు.

మన దేశమున ఈ విషయమై శాసనము ఒకప్పుడు ఎంత పదునుగా నుండెడిదో యువకులకు తెలియకపోవచ్చును. 1975 జూన్ 12 న అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఎన్నికను రద్దుచేసిన కారణము లేమి? యశపాల్ కపూర్ అను అధికారి రాజీనామా అమలులోనికి రాకమునుపే ఆమె ఎన్నిక పనిలో దిగెననుట యొకటి. ఉత్తరప్రదేశ అధికారులు ఆమె సభలకు వేదికలు కట్టించిరనుట రెండవది. కొన్ని దినముల తేడా! ప్రజాప్రాతినిధ్య చట్టము 123 వ సెక్షను 7 వ ఖండముపై నిలిచిన తీర్పది. పిమ్మట శాసనమునే వెనుకటి తేదీనుండి మార్చివైచిరి. అది వేరొక కథ. కాని అధికారి చేయి అభ్యర్థిపై పడినచో ఎన్నికయే చెడునను సూత్రమును దేశమంతయు ఆనాడు నేర్చుకొన్నది.

ఇక కలెక్టరును దాటి మరియొక కుర్చీకి వత్తము. ఈ రెండు కుర్చీలకును లోతైన సంబంధము కలదు. సెషన్సు కోర్టులో ప్రభుత్వము పక్షమున నిలుచు పబ్లిక్ ప్రాసిక్యూటరును ఎట్లు నియమింతురు? 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 18 వ సెక్షను ప్రకారము, ఏడేండ్లు వకీలుగా పనిచేసినవారిలో తగినవారి పేర్లతో జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరు, సెషన్సు జడ్జీతో సంప్రదించి ఒక జాబితా తయారుచేయును. ఆ జాబితానుండి రాష్ట్ర ప్రభుత్వము ఎన్నుకొనును. పాత శిక్షాస్మృతిలోను ఇదియే పద్ధతి. కాగితముమీద ఎంత చక్కగా నున్నది! కలెక్టరు పక్షపాతము లేనివాడైనచో, జడ్జీ మాటకు విలువ యున్నచో, ఇంతకుమించిన యేర్పాటు అక్కరలేదు. కాని కలెక్టరే మంగళవారపు నామినేషను కొరకు ఎదురుచూచువాడైనచో, ఆ జాబితాలో ఎవరి పేర్లుండును?

మేము ఇరువది యేండ్లుగా నల్లకోటు వేసికొన్నవారము. ప్రభుత్వము మారిన వారము దినములలో కోర్టు ఆవరణలో ఏమి జరుగునో కన్నులార చూచినవారము. పాత పార్టీ న్యాయవిభాగపువారు సామాను సర్దుకొందురు. క్రొత్త పార్టీ న్యాయవిభాగపువారు శాలువలు కప్పుకొందురు. మంత్రిగారి గృహము ముందర వకీళ్ళు బారులు తీరుదురు. కేసు చట్టము తెలిసినవాడా, సాక్షిని అడ్డుప్రశ్న వేయగలవాడా అను ప్రశ్న అడుగువాడుండడు. జెండా మోసినాడా, ఎన్నికలలో బూత్ చూచుకొన్నాడా అనియే ప్రశ్న. అందరును ఇట్లు వచ్చినవారే యని మేమనము. పార్టీ ద్వారమున వచ్చియు నిప్పువలె నిలిచిన ప్రాసిక్యూటరులను మేమెరుగుదుము. కాని మంచివాడు దొరకుట అదృష్టముపై ఆధారపడిన యేర్పాటు ఏర్పాటు కానేకాదు.

ఈ జాడ్యము మనదొక్కటే కాదు. 1990 లో ఉత్తరప్రదేశ ప్రభుత్వము ఆ రాష్ట్రపు జిల్లాలన్నిటిలోని ప్రభుత్వ న్యాయవాదులను ఒక్క సర్క్యులరుతో, ఫిబ్రవరి 28 నుండి, మూకుమ్మడిగా తొలగించినది. శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఆ సర్క్యులరును కొట్టివేసి, ఈ పదవులలో ప్రజాప్రయోజనమున్నది గనుక ఇష్టము వచ్చినట్లు ఊడబెరుకరాదని నిర్ణయించినది. 2016 లో పంజాబు వ్యాజ్యమునందు నియామకములును యోగ్యతను పరీక్షించియే జరుగవలెనని చెప్పినది. తీర్పులు గ్రంథములలో నున్నవి; బారులు మంత్రిగారి ముంగిట నున్నవి.

ఇందులో శాసనపు లొసుగు ఎచ్చటనో చెప్పెదము. మేజిస్ట్రేటు కోర్టులో వాదించు అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరు పరీక్ష వ్రాసి వచ్చిన ప్రభుత్వోద్యోగి. 1964 నాటి సివిల్ సర్వీసు ప్రవర్తనా నియమములు అతనికి వర్తించును. పార్టీలో చేరరాదు, చందా యియ్యరాదు, ప్రచారము చేయరాదు. అతనికి పైన, హత్యలు, మానభంగములు, అగ్నిప్రమాదపు మరణములు విచారించు సెషన్సు కోర్టులో, కాలపరిమితిపై బార్ నుండి వచ్చిన ప్రాసిక్యూటరు నెలసరి పారితోషికము తీసికొను వకీలే గాని సర్వీసు ఉద్యోగి కాడు. ఆ నియమములు అతనిని సూటిగా తాకవు. ఇందాక చెప్పిన 123 వ సెక్షను జాబితాలో గెజిటెడు అధికారులు, మేజిస్ట్రేటులు, పోలీసులు, రెవెన్యూ అధికారులు, ఎక్సైజు అధికారులు కలరు; ప్రాసిక్యూటరు పేరు పెట్టి చెప్పబడలేదు. చిన్న కోర్టు వకీలునకు సంకెల, పెద్ద కోర్టు వకీలునకు స్వేచ్ఛ! సిద్దిపేట కథయే మరల కోర్టు వేషము వేసికొని వచ్చినది.

ప్రాసిక్యూటరు పార్టీవాడైన నేమి, కేసు బాగుగ నడపిన చాలదా యని అడుగువారుందురు. వారికి ఆ పదవిలోని శక్తి తెలియదు. శిక్షకు గురిచేయుట కంటె పెద్ద శక్తి ఆతని చేతిలో నున్నది. కేసును ఉపసంహరించు శక్తి. ప్రభుత్వము కోరవచ్చును, కాని అర్జీ దాఖలు చేయవలసినవాడు ప్రాసిక్యూటరే. అదియు తన స్వంత బుద్ధితో ఆలోచించి. తపాలా పెట్టె వలె పైనుండి పడిన కాగితమును క్రిందికి జార్చుటకు ఆతడు నియమింపబడలేదని న్యాయస్థానములు ఎన్ని పర్యాయములు చెప్పలేదు! 2015 మార్చిలో కేరళ శాసనసభలో బడ్జెటు వేళ జరిగిన విధ్వంసములో ముద్దాయిలైన సభ్యులపై కేసును వారి కూటమి ప్రభుత్వము వచ్చిన పిమ్మట ఉపసంహరింప జూచినది. 2021 జులైలో సుప్రీంకోర్టు కాదన్నది. అప్పటికి ముద్దాయిలలో నొకరు మంత్రిగా నుండిరి. మరుమాసమే, ఆగస్టు 10 న, చట్టసభల సభ్యులు, మాజీ సభ్యులపై కేసులను హైకోర్టు అనుమతి లేక ఉపసంహరింపరాదని అదే న్యాయస్థానము దేశమంతటికి ఆజ్ఞాపించినది. సుప్రీంకోర్టు ఇట్టి కంచె నాటవలసి వచ్చినదనగా చేనిలో ఏమి మేయుచుండెనో ఊహింపుడు. ఆ కంచెయు సభ్యులకు, మాజీ సభ్యులకు మాత్రమే. మండలపు నాయకుడు, కౌన్సిలరు, కాంట్రాక్టరు, వీరిపై కేసుల మాట ప్రాసిక్యూటరు చిత్తమునకే విడువబడినది.

మరియొకటి కూడ వ్యాపించుచున్నది: కోర్టులో చెప్పవలసిన దానిని పత్రికలవారి ముందు చెప్పుట. 2023 సెప్టెంబరు 9 న మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో అరెస్టైన పిమ్మట, ఆంధ్రప్రదేశ సి.ఐ.డి. అధిపతియు అదనపు అడ్వొకేటు జనరలును కలిసి హైదరాబాదులోను, ఢిల్లీలోను పత్రికా సమావేశములు పెట్టి కేసు సంగతులు వివరించిరి. ఆ కేసులోని నిజానిజములతో మాకిచ్చట పని లేదు. నాడు విచారణ జరుగుచుండినది విజయవాడ కోర్టులో. ఢిల్లీలోని విలేఖరులు అందులో జడ్జీలు కారు, జూరీ యంతకంటె కాదు. ముద్దాయి ప్రతిపక్ష నాయకుడై, ఎన్నికలు కొలదిమాసముల దూరమున నున్నప్పుడు, ప్రభుత్వ న్యాయవాది మైకు పట్టుకొన్నచో అది వాదనయా, ప్రచారమా? ఈ పని ఏ ప్రభుత్వము చేసినను తప్పే. రేపు అవతలివారు చేసినను మా మాట యిదియే. నిరపరాధికి శిక్ష పడకుండ చూచుటయు, అతని నిర్దోషిత్వమును చాటు ఆధారమును దాచకుండుటయు ప్రాసిక్యూషను వకీలు విధి యని బార్ కౌన్సిలు నియమములే శాసించుచున్నవి. వేలమంది యెదుట ఒకని దోషి యని చాటినవాడు మరునాడు ఆ ఆధారమును ఏ ముఖముతో బయటపెట్టును?

కొండాపూరు దిబ్బలలో శాతవాహనుల నాణెములు వేలకొలది దొరికినవి. మన ఊరి మ్యూజియములో ఎవరైన చూడవచ్చును. అచ్చట టంకసాల యుండెనని పండితులు చెప్పుదురు. టంకసాలలో పనిచేసిన కంసాలి ఎంత నిపుణుడైనను నాణెముపై తన ముద్ర వేయలేదు. రాజ్యపు ముద్రయే వేసెను. ప్రాసిక్యూటరు చేతిలోనిదియు అట్టి అచ్చే.

ఇప్పుడు మాపై ఎక్కుపెట్టబడు బాణమును మేమే ముందు తీయుదుము. “అయ్యా, తెలంగాణము ఎట్లు వచ్చినది? ఉద్యోగులు రాజకీయములలో దిగుటవలననే కదా! 2011 సెప్టెంబరు 13 నుండి 42 దినములు సకలజనుల సమ్మె జరుగలేదా? ఆ ఉద్యోగసంఘముల నాయకులలో స్వామిగౌడుగారు శాసనమండలి అధ్యక్షులు కాలేదా? శ్రీనివాస్‌గౌడుగారు మంత్రి కాలేదా? 2010 సెప్టెంబరులో తెలంగాణ వకీళ్ళు ప్రభుత్వ న్యాయవాదుల పదవులలో నూటికి 42 వంతులు కోరి హైకోర్టులో దీక్ష చేయలేదా? అప్పుడు తీపి, ఇప్పుడు చేదా?” అని అడుగుదురు.

అడుగదగిన ప్రశ్నయే. ఈ వ్రాయువాడును ఆ శిబిరములలో కార్యకర్తగా కూర్చుండినవాడు గనుక సమాధానము చెప్ప బాధ్యుడు. సమ్మె చేసినవారు జీతము వదలుకొనిరి. కుర్చీ నుండి లేచి వీధిలో నిలిచిరి. ఆ వేళ వారి చేతిలో ఫైలు లేదు, స్టాంపు లేదు. వారు ఎదిరించినది అధికారమును, ఆశ్రయించినది కాదు. కుర్చీలోనే కూర్చుండి, జీతము తీసికొనుచు, పాలకపక్షమునకు ఫైలుతో సేవచేయువాడు ఆ వీరుల పేరు చెప్పుకొనుట యేమి న్యాయము? వకీళ్ళ దీక్ష కోరినది ప్రాంతమునకు న్యాయమైన వాటా; పార్టీలకు వాటా కాదు. రాష్ట్రము వచ్చిన పిమ్మట ఆ పదవులు పాలకపక్షపు బంతిలో వడ్డించు విస్తళ్ళగుట కొరకు ఎవడును నిరాహారముండలేదు.

ఇంకను వెనుకకు పోవుదము. 1921 లో గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్నుల నిరాకరణము జరిగినప్పుడు పర్వతనేని వీరయ్య చౌదరిగారి పిలుపునందుకొని గ్రామోద్యోగులు ముందు రాజీనామా పత్రములిచ్చిరి. తరువాత ఉద్యమములో నిలిచిరి. అదే సంవత్సరము సుభాస్ చంద్రబోసు ఐ.సి.యస్. కొలువును వదలుకొని వచ్చెను. సర్కారు కుర్చీ నుండి కాంగ్రెసు పని చేయుదునని వారిలో నెవ్వరును అనలేదు. మన జిల్లాలోని జోగిపేటలో 1930 లో, స్వయముగ వకీలైన సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. సభ జరుపుటకే సర్కారు అనుమతి వేడవలసిన నైజాము రోజులవి. ఆనాటి నిర్బంధము ప్రజలను నోరు మూయించుటకు. మేము నేడు కోరు నిర్బంధము ప్రజలపై కాదు. ప్రజలమీద అధికారము చెలాయించువారిపై. రెంటికిని పేరొక్కటే యని కలగాపులగము చేయువారు కావలెననియే చేయుచున్నారు.

ఉద్యోగి పౌరుడు కాడా యని మరియొక ప్రశ్న. పౌరుడే. ఓటు వేయుగాక. అభిప్రాయము కలిగియుండుగాక. అమెరికాలో 1939 నాటి హాచ్ చట్టము ఈ రెంటిని విడిచి, పార్టీ నిర్వహణమును మాత్రమే కేంద్రోద్యోగులకు నిషేధించినది. అచ్చటి సుప్రీంకోర్టు దానిని 1947 లోను, 1973 లోను నిలబెట్టినది. అయితే అదే దేశమున జిల్లా ప్రాసిక్యూటరులు పలుచోట్ల ఓట్లతో ఎన్నుకొనబడుదురు. ఎన్నిక చందాలు పోగుచేయుదురు. ఆ మార్గమును మెచ్చువారు మన వకీళ్ళలోను కలరు. చందా యిచ్చినవాడు ముద్దాయియై వచ్చిననాడు ఏమగునో వారే చెప్పవలెను.

ఈ మాట దూరదేశపు ముచ్చట కాదు. 2025 జూన్ 30 న మన పటాన్‌చెరు చెంతనున్న పాశమైలారము పారిశ్రామికవాడలో ఔషధ కర్మాగారము ప్రేలి నలువదిమందికి పైగా కూలీలు మడిసిరి. కొందరి శరీరములు గుర్తింపనైన వీలులేక పోయినవి. తప్పెవరిదో నిర్ణయించుట న్యాయస్థానపు పని. దానిపై మేమొక్క మాటయు పలుకము. చనిపోయినవారిలో పెక్కురు బీహారు, ఒడిస్సా, ఉత్తరప్రదేశముల నుండి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు. వారి భార్యాబిడ్డలకు ఇచ్చట ఓటు లేదు, కులము వారు లేరు, వారి కొరకు ధర్నా చేసినచో లాభపడు పార్టీ లేదు. ఇట్టి కుటుంబములకు కోర్టులో దిక్కెవడు? పబ్లిక్ ప్రాసిక్యూటరొక్కడే. ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15 న సుప్రీంకోర్టు చెల్లవని కొట్టివేసిన తరువాత వెలువడిన జాబితాలో హైదరాబాదు ఔషధ కంపెనీల పేర్లు ఎన్ని యుండెనో పత్రికా పాఠకులెరుగుదురు. కర్మాగారములు పార్టీలకు చందాలిచ్చు ఈ ప్రాంతమున, పార్టీ పదవిలోనున్న వకీలు కర్మాగారపు మరణములపై ప్రాసిక్యూటరైనచో, ఆతడు హరిశ్చంద్రుడే యైనను ఒడిస్సాలోని వితంతువు నమ్మునా? నమ్మకపోవుట ఆమె తప్పా?

గనుక మేము కోరునది చిన్నదే. పార్టీలో ఏ పదవినైన నిర్వహించిన వకీలును ఆ పదవి విడిచిన మూడేండ్ల వరకు ప్రాసిక్యూటరుగా నియమింపరాదు. నియమింపబడినవాడు ఆ కాలమంతయు పార్టీ వేదిక యెక్కరాదు, నడచుచున్న కేసుపై కోర్టు వెలుపల నోరు విప్పరాదు. కేసు ఉపసంహరణకు అర్జీ పెట్టినపుడు తన కారణములను తన మాటలతో వ్రాసి దాఖలు చేయవలెను. కలెక్టరు, పోలీసు అధిపతి, ప్రాసిక్యూటరు, జడ్జీ, వీరిలో ఎవరైనను కుర్చీ విడిచిన రెండేండ్ల వరకు ఏ పార్టీ టిక్కెట్టుపైనను నిలువరాదు. 2024 మార్చి 5 న కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి రాజీనామా చేసి, రెండు దినములలో పార్టీలో చేరి, పార్లమెంటుకు ఎన్నికైన వింతను చూచిన పిమ్మట జడ్జీలను ఈ జాబితానుండి మినహాయింపుమనుటకు మాకు నోరాడదు.

వీనిలో కొన్నిటికి పార్లమెంటు పూనుకొనవలెను, కొన్నిటికి శాసనసభ. అవి యెప్పుడు పూనుకొనునో యని చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదు. రేపే చేయదగిన పని యొకటి కలదు. సంగారెడ్డి సెషన్సు కోర్టు ప్రాసిక్యూటరుల నియామకము కొరకు కలెక్టరుగారు తయారుచేయు జాబితాను, అందలి ప్రతి వకీలు పేరునకెదురుగ ఆతడు నడపిన కేసులను, నిర్వహించిన పార్టీ పదవులను చేర్చి, జిల్లా కోర్టు ప్రకటన ఫలకముపై అంటింపుమని ఈ వారమే అర్జీ పంపుచున్నాము. దీనికి చట్టసవరణ అక్కరలేదు, మంత్రివర్గ తీర్మానమక్కరలేదు; కలెక్టరుగారి సంతకము చాలును. కొండాపూరు పఠనమందిరములో అర్జీ ప్రతి ఉంచబడినది. చదివి సమ్మతించినవారు చేవ్రాలు చేయుదురు గాక.